ఆదివారం రెస్ట్ బ్యాగులు నింపుకుందాం

అందరికీ నమస్కారం.

రెస్ట్ బ్యాగులు, అంటే కాల్చేటప్పుడు రైఫిల్‌ను ఆనించే సంచులు, నింపుకోవడానికి ఆదివారం ఉదయం 9 గంటలకు రేంజ్ షెడ్డులో కలుద్దాం. ఆ రోజు ఫైరింగ్ లేదు, రైఫిళ్లు ఇంట్లోనే ఉంచండి.

ఏం నింపాలని చాలామంది అడుగుతున్నారు. బెంచ్ మీదే కాల్చేవాళ్లకు నా ఓటు ఇసుకకే. బరువుంటుంది, రీకాయిల్‌కి (కాల్చినప్పుడు రైఫిల్ వెనక్కి తన్నే దెబ్బకి) బ్యాగు జరగదు. కానీ సన్నగా జల్లించి, పూర్తిగా ఆరబెట్టిన ఇసుకే కావాలి. సముద్రపు ఇసుక అసలొద్దు, దానిలోని ఉప్పు తేమను లాగుతుంది, రైఫిల్‌కి తుప్పు పడుతుంది.

బ్యాగు మోసుకుంటూ నడిచేవాళ్లు ప్లాస్టిక్ గుళికలు తెచ్చుకోండి. ఇసుకలో సుమారు మూడో వంతు బరువే, తడిసినా పాడవవు. కాకపోతే కాస్త జారతాయి.

బియ్యం, పప్పులు వద్దు. తేమ పడితే బూజు, లేకపోతే పురుగు. ఎలుకలకైతే పండగే!

రైఫిల్ ముందు భాగం కింద పెట్టే బ్యాగు గట్టిగా దట్టించండి. బట్ (భుజానికి ఆనించే వెనక భాగం) కింద పెట్టే వెనక బ్యాగు మాత్రం కొంచెం వదులుగా ఉండాలి. చేత్తో నొక్కితే బట్ పైకి లేచి గురి కిందికి దిగుతుంది, వదిలితే గురి మళ్లీ పైకి వస్తుంది. నిండా కుక్కేస్తే ఈ సర్దుబాటుకు వీలుండదు.

తెచ్చుకోవాల్సినవి: ఖాళీ బ్యాగు, నింపే సరుకు, గరాటు, సూది, గట్టి దారం. ఇసుక వాళ్లకు మాస్క్ తప్పనిసరి, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు.

వచ్చేవాళ్లు శుక్రవారం రాత్రిలోగా ఇక్కడే పేరు, ‘ఇసుక’ లేదా ‘గుళికలు’ అని పెట్టండి. జల్లెడ నేను తెస్తాను.