క్యాలిపర్లకు డబ్బులిచ్చే ముందు

ఒరేయ్ రాఘవా,

చెల్లెమ్మా, పిల్లలూ కులాసానే అనుకుంటాను. నీ ఫోన్ వచ్చినప్పటి నుంచీ నాకు ఆ బ్రేకుల గోలే. గుంటూరులో ఎవరో నీ కారుకి పెద్ద క్యాలిపర్ల జత (ప్యాడ్లతో బ్రేక్ డిస్క్‌ని నొక్కి పట్టేవి) చవగ్గా ఇస్తున్నాడు, ఈ వారమే బిగించేస్తానన్నావు. ఆగరా బాబూ, ఇంకా డబ్బులివ్వకు.

మాస్టర్ సిలిండర్ సంగతి అడిగితే "అది బాగానే ఉందిగా, దాన్నెందుకు కదపడం" అన్నావు చూడు, నా టెన్షనంతా అక్కడే. క్యాలిపర్‌లో ప్యాడ్‌ని తోసే పిస్టన్ పెద్దదైతే, అంతే దూరం జరగాలన్నా బ్రేక్ ఆయిల్ ఎక్కువ కావాలి. ఆ ఆయిల్‌ని తోసేది మాస్టరే. నీ పాత పిస్టన్ వ్యాసం 48 మిల్లీమీటర్లు, కొత్తది 54 అనుకో. తేడా ఆరు మిల్లీమీటర్లే కదా అనిపిస్తుంది, కానీ వైశాల్యం కడితే దాదాపు 27 శాతం ఎక్కువ. పాత మాస్టర్ ఉంచేస్తే పట్టు ఆ మేరకు పెరుగుతుంది, నిజమే, కానీ పెడల్ కూడా బాగా కిందకి దిగుతుంది. మొన్న ఆటోనగర్‌లో ఒక షెడ్డుకి ఇలాంటి బండే వచ్చింది. ఎక్కడో క్యాలిపర్లు మార్పించుకొచ్చారు, పెడల్ నేలకి దగ్గరగా వెళ్తోంది. లైన్లో గాలి ఉందని తీస్తూనే ఉన్నారు. అక్కడ గాలే లేదు, మాస్టర్ చాలట్లేదు.

అలాగని దొరికిందే కదా అని పెద్ద మాస్టర్ పెట్టించావా, అది ఇంకో గొడవ. 19.05 మిల్లీమీటర్ల బోర్ (లోపలి వ్యాసం) ఉన్నది తీసి 22.22 వేస్తే వైశాల్యం 36 శాతం పెరుగుతుంది. పెడల్ రాయిలా గట్టిగా తగులుతుంది, షెడ్డులో తొక్కి చూసి సంబరపడతాం. కానీ అదే బలంతో తొక్కితే లైన్లో ఒత్తిడి తగ్గిపోతుంది. పై లెక్కతో కలిపి చూడు: ఇంత ఖర్చు పెట్టాక ముందు చక్రాలకు పట్టు పాతదానికంటే ఏడు శాతం తక్కువ! అదే 20.64 బోర్ వేస్తే పెడల్ మరీ దిగదు, పట్టు ఎనిమిది శాతం పెరుగుతుంది. నాకు నచ్చేది ఈ జోడీయే. ఇవి ఉదాహరణకి చెప్పిన కొలతలు, నీ బండివి వెర్నియర్‌తో కొలిపించాలి.

ఇంకోటి, ఆ అమ్మేవాడు నాలుగు పిస్టన్లున్న క్యాలిపర్ అని ఊరించాడన్నావు. రెండు వైపులా పిస్టన్లుంటే లెక్కకి ఒక వైపువే తీసుకోవాలి. 38 మిల్లీమీటర్లవి అయితే ఒక పక్క రెండూ కలిపి మామూలు 54 పిస్టన్ ఒక్కదానికి ఇంచుమించు సమానం, అంతకన్నా ఏమీ లేదు.

అసలు లాభం దేనికో కూడా చెప్తాను. ఒక్కసారి గట్టిగా తొక్కినప్పుడు బండిని ఆపేది చివరికి టైరే. టైర్ జారే దాకా నీ పాత బ్రేకులే పట్టగలుగుతుంటే, కొత్తవాటితో దూరం తగ్గదు. మళ్లీ మళ్లీ తొక్కినప్పుడు వేడి తట్టుకోవడానికి పెద్ద డిస్క్, మంచి ప్యాడ్లు పనికొస్తాయి. పైగా ముందు పట్టు మరీ పెంచితే ముందు చక్రాలు త్వరగా లాక్ అవుతాయి, వెనక డ్రమ్ములు తమ వంతు పని చేయకముందే.

అందుకే ముందు ఉన్న బ్రేకుల్ని బాగుచేయించు. బ్రేక్ ఆయిల్ ఎప్పుడు మార్చావో గుర్తుందా? అది గాలిలో తేమ పీల్చుకుంటుంది. డాట్ 3 రకం ఆయిల్‌కి కొత్తగా ఉన్నప్పుడు మరిగే హద్దు కనీసం 205 డిగ్రీలు, తేమ పట్టాక 140కి పడిపోవచ్చు. డాట్ 4 అయితే 230, 155. మంగళగిరి దగ్గర ట్రాఫిక్‌లో, మే నెల ఎండలో, ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని వచ్చేవాడివి నువ్వు. రబ్బరు హోసులూ చూపించు, ఉబ్బితే పెడల్ మెత్తబడుతుంది.

అప్పటికీ మార్చాలనుకుంటే రిమ్ లోపల క్యాలిపర్‌కి చోటుందో లేదో పెట్టి చూడాలి. మాస్టర్ బిగించేటప్పుడు, మన తొక్కుడు బలాన్ని పెంచే బూస్టర్ నుంచి వచ్చే రాడ్‌కీ మాస్టర్‌కీ మధ్య సన్నటి సందు ఉండాలి. సందు లేకపోతే ఆయిల్ వెనక్కి రాదు, ప్యాడ్లు డిస్క్‌ని వదలవు. ఈ పని హడావిడిగా చేసే చోట ఇవ్వకు.

రిమ్ సైజు, మాస్టర్ మీద పోతపోసిన అంకెలు ఫోటో తీసి పంపు. ఒక పనిరోజు సెలవు పెట్టుకుని రా, ఇద్దరం ఆటోనగర్ వెళ్దాం. భోజనం మా ఇంట్లోనే, మీ వదినకి చెప్పేశాను.

నీ
శీనుగాడు