నాటక విభాగం వార్షిక నివేదిక: ఈ ఏడాది ఒక తల్లి, ఒక కొడుకు, గట్టి తలుపులు

సభ్యులందరికీ నమస్కారం.

పద్య పఠనాలు, పిల్లల వేసవి శిబిరం ఎప్పటిలాగే జరిగాయి. ఖర్చుల వివరాలు కోశాధికారి నివేదికలో చూడగలరు. మిగతా ఏడాదంతా ఒక్క నాటకానికే సరిపోయింది. అది జాఁ కొక్తో 1938లో రాసిన ఫ్రెంచి నాటకం ‘లే పరాఁ తెరీబ్ల్’ (అంటే ‘భయంకరమైన తల్లిదండ్రులు’). మూడంకాలు, ఐదు పాత్రలు.

కథ పారిస్‌లో నడుస్తుంది. ఇవోన్‌కి ఇరవై రెండేళ్ల కొడుకు మిషెల్ తప్ప వేరే లోకం లేదు. వాడొక రాత్రి ఇంటికి రాడు. తర్వాత వచ్చి, మద్లెన్ అనే అమ్మాయిని ప్రేమిస్తున్నానని చెబుతాడు. ఆ అమ్మాయి సంబంధం తెంచుకోవాలనుకుంటున్న పెద్దమనిషి ఎవరో కాదు, మారుపేరుతో తిరుగుతున్న మిషెల్ తండ్రి జార్జే. ఇవోన్ తోబుట్టువు లియో ఒకప్పుడు ఇదే జార్జ్‌ని వదులుకున్న మనిషి. చివరికి పిల్లలిద్దరూ ఒకటయ్యాక, తనకిక చోటు లేదనుకుని ఇవోన్ విషం తీసుకుంటుంది. వెంటనే బతకాలనిపిస్తుంది, కానీ అప్పటికే చెయ్యి దాటిపోతుంది.

‘తల్లిని ఇలా చూపించవచ్చా?’ అని ఎంపిక సమావేశంలో కొందరు గట్టిగానే అడిగారు. పారిస్‌లోనూ ఇదే గొడవ జరిగింది. మొదట ఆడిన ఆంబసదర్ థియేటర్ నగరపాలక సంస్థ ఆస్తి కావడంతో కౌన్సిల్ అడ్డుపడింది, నాటకం బూఫ్ పారిజియెన్ అనే మరో థియేటర్‌కి మారింది.

హక్కుల సంగతి మిగతా సంఘాలకూ పనికొస్తుంది. కొక్తో 1963లో చనిపోయారు. మన చట్టం ప్రకారం రచయిత పోయాక అరవై ఏళ్లు, అంటే 2023 చివరికి గడువు తీరింది. ఇంగ్లీషు అనువాదాల మీద హక్కులు వేరుగా ఉంటాయి కనుక ఫ్రెంచి మూలం నుంచే తెలుగు చేయించాం. ఫ్రాన్సులో గడువు డెబ్భై ఏళ్లు, కాబట్టి అక్కడ ఆడదలచినవారు అనుమతి తీసుకోవాల్సిందే.

అనువాదంలో అన్నిటికన్నా కష్టపెట్టింది ఒక పిలుపు. మిషెల్ తల్లిని ‘సోఫీ’ అని ముద్దుపేరుతో పిలుస్తాడు. మొదటి ప్రతిలో అంతటా ‘అమ్మా’ అని రాశాం. చదివితే చక్కటి కుటుంబ నాటకంలా ఉంది, చీకటంతా ఎగిరిపోయింది. ‘సోఫీ’ తిరిగి పెట్టగానే వినేవాళ్లు కుర్చీల్లో ఇబ్బందిగా కదిలారు. కావలసింది అదే. లియో విషయంలో ఫ్రెంచి మాటకు పిన్నా, పెద్దమ్మా అన్న తేడా లేదు. తెలుగులో తేల్చక తప్పదు గనుక ‘పెద్దమ్మ’ అన్నాం.

కథను మన ఊళ్లకు మార్చమన్న సూచనను ఒప్పుకోలేదు. మారిస్తే ఇవోన్ రెండు నిమిషాల్లో గయ్యాళి అత్త అయిపోతుంది. జనం నవ్వేసి ఊరుకుంటారు. ఇవోన్ గొంతు పెంచకూడదు. కొడుకు జుట్టు సవరించే చేయి ఒక్క క్షణం ఎక్కువసేపు ఆగాలి, అంతే. మొదటి అంకంలో నవ్వులు రానివ్వండి, నాటకం వాటిని కోరుతుంది. మూడో అంకంలో నవ్వు వచ్చిందంటే మాత్రం ఎక్కడో అతి జరిగినట్టే.

మొదటి దృశ్యం ఇన్సులిన్‌తో మొదలవుతుంది. ఇవోన్ ఇంజెక్షన్ చేసుకుని, కొడుకు రాలేదన్న దిగులులో పంచదార తీసుకోవడం మరిచిపోతుంది. రిహార్సల్లో నటీనటులంతా దీన్ని గుండెపోటులా ఆడేశారు. చక్కెర పడిపోయిన మనిషి గుండె పట్టుకోదు. చెమటలు పడతాయి, వేళ్లు వణుకుతాయి, మాట ముద్దవుతుంది, ఎదురుగా ఉన్నవాళ్లు ఎవరో తికమకగా ఉంటుంది. నుదుటిమీద గ్లిజరిన్ కలిపిన నీళ్లు అద్దాం, ఉత్త నీళ్లు దీపాల వేడికి ఆరిపోతున్నాయి. పంచదార నీళ్లు తాగాక కూడా ఒక్కసారిగా లేచి కూర్చోకూడదు, తేరుకోవడానికి సమయం ఇవ్వాలి. సిరంజి గాజుదే, సూది తీసేసి వాడాం.

ఇక తలుపులు. ఈ ఇంట్లో తలుపులు దడాల్మని పడుతూనే ఉండాలి, రచయిత కూడా సెట్టు అందుకు తట్టుకునేలా గట్టిగా కట్టమన్నారు. మొదట గుడ్డ ఫ్లాటుకే, అంటే చెక్క చట్రానికి గుడ్డ బిగించి చేసిన సెట్టు గోడకే, తలుపు బిగించాం. మిషెల్ విసురుగా వేయగానే గోడంతా అల్లాడింది, గోడకున్న పటం ఊగుతూనే ఉంది. ద్వారబంధాన్ని ఫ్లాటు నుంచి విడదీసి, మూడంగుళాల చెక్కతో విడిగా నిలబెట్టాం. వెనక రెండు ఊతకర్రలు, ఒక్కోదాని మీద పదిహేను కిలోల ఇసుక సంచి. బంధానికీ ఫ్లాటుకీ మధ్య అరంగుళం ఖాళీ వదిలి నల్లగుడ్డ కప్పాం. ఆ తర్వాత కదల్లేదు.

ఒకటీ మూడూ అంకాలు ఇవోన్ గదిలో, చిందరవందరగా. రెండోది మద్లెన్ ఇంట్లో, వెలుగుగా, శుభ్రంగా. పది ఫ్లాట్లకు ఒకవైపు ముదురు ఎరుపు, మరోవైపు మీగడ రంగు వేసి తిప్పాం. గుడ్డకు ముందు జిగురుపూత రెండుసార్లు పడకపోతే ఎరుపు ఇవతలికి దిగుతుంది, మొదటి ప్రదర్శనలో మూడు ఫ్లాట్లకు అదే జరిగింది. మార్పుకు నలుగురు ఉంటే పన్నెండు నిమిషాలు పట్టింది. ముగ్గురైతే విరామం చాలదు.

1938లో ఇవోన్‌గా వేయాల్సిన ఇవోన్ ద బ్రే జబ్బుపడితే జెర్మెన్ దెర్మోజ్ ఆడారు. ఈ పాత్ర గొంతునూ ఒంటినీ అంతలా పిండుతుంది. అందుకే ఇద్దరిని సిద్ధం చేశాం, రెండు ప్రదర్శనలకు ఇద్దరూ పనికొచ్చారు.

మూడో ప్రదర్శన వచ్చే ఏడాది. తెర వెనక పనికి ఇద్దరు, దీపాలకు ఒకరు కావాలి. ఆసక్తి ఉన్న సభ్యులు కార్యదర్శికి పేర్లివ్వగలరు. ఫ్లాట్లు, ద్వారబంధాలు సంఘం గోదాములో నిలబెట్టి ఉన్నాయి. వాటి మీద దయచేసి బరువులు ఆనించవద్దు.