రెండు జీతాల ఇల్లు, రెండు కూలీల ఇల్లు

సంపాదక మహాశయులకు నమస్కారం.

మా పర్లాకిమిడిలో పెళ్లిసంబంధాలు చూసేటప్పుడు ఒకప్పుడు అమ్మాయికి వంటావార్పూ వచ్చా అని అడిగేవారు. ఇప్పుడు ఉద్యోగం ఏమిటి, జీతం ఎంత అని అడుగుతున్నారు. ఆడపిల్లల సంపాదనకు విలువ పెరిగినందుకు సంతోషించేవాళ్లలో నేనూ ఒకతెను. అయితే ఇళ్ల మధ్య అంతరం మీద దీని ప్రభావాన్ని కూడా గమనించాలి.

ఒక ఇంట భర్త 60 వేలు తెస్తాడు, భార్యకు సంపాదన లేదు. మరో ఇంట భర్త 15 వేలు, భార్య 40 వేలు తెస్తారు అనుకుందాం. రాబడి 60 వేలు, 55 వేలు. 40 వేల జీతమున్న ఆమె 60 వేలవాడిని చేసుకుని ఉంటే ఒక ఇంట లక్ష, రెండో ఇంట 15 వేలే. ఎవరి జీతమూ మారలేదు, జోడీలు మారాయంతే.

అమెరికాలో 1967 నుంచి 2005 వరకు దంపతుల సంపాదనల మధ్య పోలిక పెరగకుండా ఉండి ఉంటే, దంపతుల కుటుంబాల మధ్య అసమానత పెరుగుదల 25–30 శాతం తక్కువగా ఉండేదని సామాజికవేత్త క్రిస్టీన్ ష్వార్జ్ 2010లో లెక్కగట్టారు.

మా వీధిలో ఒక ఇంట ఇద్దరూ టీచర్లే. ఎదురింటాయన తాపీపనికి వెళ్తాడు. ఆయన భార్య పొద్దున్నే బస్సెక్కి పలాసకు జీడిపిక్కలు ఒలవడానికి వెళ్తుంది, జీడిసొనకు ఆమె వేళ్ల కొసలు నల్లబడిపోయాయి. ఆ ఇంట కూడా ఇద్దరూ పనిచేస్తున్నారు, రెండు కూలీలూ చిన్నవే. అందుకే ఇలాంటి మహిళల కూలిరేట్ల గురించి మీ పత్రిక వరుసగా రాయాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా