షుగర్ కార్డులో లేని ప్రశ్న: వరంగల్ జిల్లా వైద్యాధికారి గారికి బహిరంగ లేఖ

సార్, నమస్తే. నేను సర్కారు దవాఖానలో స్టాఫ్ నర్సును. బీపీ, షుగర్‌తో వచ్చే మగవాళ్లను కాళ్ల తిమ్మిర్లు, చూపు, మూత్రం అన్నీ అడుగుతాం గానీ అంగస్తంభన సమస్య గురించి మాత్రం అడగం. అది డాక్టర్ చూసుకుంటారని మేము, పేషెంటే చెప్తాడులే అని డాక్టర్, ఆడమనిషి ముందు ఎట్ల చెప్పాలని పేషెంటు.

షుగర్ నరాలను, రక్తనాళాలను దెబ్బతీసినప్పుడు కొందరిలో గుండెజబ్బు కంటే ముందే ఈ సమస్య బయటపడుతుంది. కొన్ని బీపీ మందులతోనూ వస్తుంది, అప్పుడు మనిషి ఎవరికీ చెప్పకుండా గోలీలు మానేస్తాడు, బీపీ ఎందుకు తగ్గట్లేదని మేమేమో అతన్నే కసురుతాం. ఇంకొందరు గోడల మీది 'రహస్య వ్యాధుల' పోస్టర్ చూసి ఫోన్ చేస్తారు, లేదంటే చీటీ లేకుండానే అంగస్తంభనకు వాడే సిల్డెనాఫిల్ గోలీ కొంటారు. గుండెనొప్పికి నైట్రేట్ అనే రకం మందులు వాడేవాళ్లు అది వేసుకుంటే బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు.

'అరవై దాటినాయనకు ఇంకేం అవసరం' అనే మాట మా నర్సుల్లోనే వింటాను, నాకైతే అస్సలు నచ్చదు.

1976లో జాక్ అన్నన్ అనే సైకాలజిస్ట్, లైంగిక సమస్యల గురించి పేషెంట్లతో మాట్లాడేందుకు చెప్పిన 'ప్లిసిట్' పద్ధతిలో మొదటి మెట్టు మాట్లాడేందుకు చనువివ్వడమే: "షుగర్ ఉన్న చాలామందికి ఈ ఇబ్బంది ఉంటుంది, మీకేమైనా ఉందా అన్నా?" వైద్యం డాక్టరే చేస్తారు.

మాకు ఒక పూట ట్రైనింగ్ ఇప్పించండి, పేషెంటు షుగర్ కార్డులో ఈ ప్రశ్నకో గడి పెట్టించండి. అన్నిటికంటే ముందు ఒక తెర కావాలి సార్, వెనక లైనంతా వింటుంటే ఏ నర్సూ అడగలేదు.