ఖరీన్ అంటే పట్టి పీడించే దయ్యం కాదు

సంపాదకులకు,

ఖరీన్ పేరు చెప్పి భయపెట్టి తాయెత్తులు అమ్మేవాళ్లున్నారు. అందుకే ఈ ఉత్తరం.

అరబీలో ఖరీన్ అంటే వెన్నంటి ఉండే తోడు. ప్రతి మనిషికీ జిన్నుల్లోంచి (కంటికి కనిపించని జీవుల్లోంచి) ఒక ఖరీన్ ఉంటాడని ప్రవక్త సహచరుడు ఇబ్నె మస్ఊద్ ఉల్లేఖించిన హదీసు (ప్రవక్త మాట) సహీహ్ ముస్లిం అనే హదీసు గ్రంథంలో ఉంది. మరో ఉల్లేఖనంలో దైవదూతల్లోంచి కూడా ఒక తోడు ఉంటాడని ఉంది. ఈ రెండోదాన్ని మాత్రం ఎవరూ గుర్తుచేయరు! మీకూ జిన్నుల్లోంచి ఖరీన్ ఉన్నాడా అని సహచరులు అడిగితే, ప్రవక్త ఉన్నాడనే చెప్పారు, అతని విషయంలో అల్లాహ్ తనకు సాయం చేశాడనీ అన్నారు. ఆ తర్వాతి మాటను ‘అస్లమ’ అని చదివితే ‘అతను లొంగిపోయాడు’ అని, ‘అస్లము’ అని చదివితే ‘నేను క్షేమంగా ఉన్నాను’ అని అర్థం. ఒక్క అచ్చు తేడాపై పండితులు శతాబ్దాలుగా చర్చించారు.

ఖరీన్ పని గుసగుసలతో చెడు వైపు పురిగొల్పడం. బలవంతం చేసే శక్తి అతనికి లేదు. ఖుర్ఆన్‌లోని ఖాఫ్ సూరా (అధ్యాయం) 27వ ఆయతులో (వాక్యంలో) ‘నేను ఇతన్ని దారి తప్పించలేదు, ఇతనే దూరంగా తప్పిపోయాడు’ అని అతనే చెప్పుకుంటాడు.

ఖరీన్ గుసగుసల నుంచి రక్షణకు డబ్బు ఖర్చేమీ లేదు. చెడు ఆలోచన రాగానే ‘అవూజు బిల్లాహి’ (అల్లాహ్ శరణు కోరుతున్నాను) అని చదవాలి. పడుకునే ముందు ఆయతుల్ కుర్సీ (ఖుర్ఆన్‌లోని ఒక ఆయతు) చదివి, అరచేతులు దగ్గరికి చేర్చి ఊది, ఇఖ్లాస్, ఫలఖ్, నాస్ సూరాలు చదివి, తల, ముఖం నుంచి మొదలుపెట్టి చేయి అందినంత మేర ఒళ్లంతా తుడుచుకోవాలి. ఇలా 3 సార్లు. ఖరీన్‌ను రప్పించి రహస్యాలు చెబుతామనే జోస్యగాళ్ల జోలికి పోవద్దు. వాళ్లను అడిగినవారి నమాజు 40 రాత్రులు స్వీకరించబడదని సహీహ్ ముస్లింలోనే ఉంది. మూర్ఛకూ, దిగులుకూ డాక్టరు దగ్గరికే వెళ్లాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు