1 కిలోహెర్ట్జ్ దగ్గర కొలిచి ఊరుకుంటే ఎలా?

సంపాదకులకు నమస్కారం.

యాంప్లిఫయర్ ఎలా ఎంచుకోవాలో చెబుతూ మీరు వేసిన వ్యాసం చదివాను. డిస్టార్షన్ (యాంప్లిఫయర్ ధ్వనిని పాడుచేసే పాలు) 0.01 శాతమని ఉంటే కళ్లు మూసుకుని తీసుకోవచ్చన్నట్టు రాశారు. ఆ అంకె ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర కొలిచిందో మాత్రం రాయలేదు. మామూలుగా అది 1 కిలోహెర్ట్జ్ దగ్గర, ఆగకుండా మోగే ఒకే స్వరం మీద తీసిన లెక్క. పాట అలా మోగదు కదా.

యాంప్లిఫయర్లు బాగుచేయడమే నా పని. తొలిరోజుల్లో ఆ అంకెను నమ్మి నేనూ మాట పడ్డాను. తాళాల మోత వచ్చినప్పుడల్లా గుడ్డ చింపినట్టు వినిపిస్తోందని ఒకాయన స్టేజీ మిక్సర్ తెచ్చారు. 1 కిలోహెర్ట్జ్ స్వరం పంపి డిస్టార్షన్ మీటరు పెడితే ముల్లు కదల్లేదు. స్పీకర్లు చూపించుకోండని పంపేశాను. వేరే స్పీకర్లతో విని, అదే మిక్సర్‌తో మళ్లీ వచ్చారాయన.

ఈసారి పరీక్ష స్వరాలు పుట్టించే సిగ్నల్ జనరేటర్‌ను 20 కిలోహెర్ట్జ్‌కి తిప్పి, అల ఆకారాన్ని తెర మీద చూపే ఆసిలోస్కోప్ తగిలించాను. 10 వోల్టుల ఎత్తు రావలసిన గుండ్రటి సైన్ వేవ్ కాస్తా త్రికోణమైపోయి, 6 వోల్టులు దాటీ దాటగానే కిందికి దిగిపోతోంది. లోపలున్నది 741 అనే యాంప్లిఫయర్ ఐసీ. దాని అవుట్‌పుట్ మైక్రోసెకనుకు 0.5 వోల్టు కంటే వేగంగా మారలేదు. ఈ వేగ పరిమితినే స్లూ రేట్ అంటాం. 10 వోల్టుల ఎత్తుకి 1 కిలోహెర్ట్జ్ దగ్గర 0.063 చాలు, మీటరు నోరు మెదపకపోవడానికి కారణం అదే. 20 కిలోహెర్ట్జ్ దగ్గర 1.26 కావాలి. లేనిది ఎక్కణ్నుంచి తెస్తుంది? మైక్రోసెకనుకు 13 వోల్టుల వేగమున్న టీఎల్071 ఐసీ వేశాక చిరుగుడు పోయింది.

పాటలో 20 కిలోహెర్ట్జ్ అంత బలంగా ఉండదని వాదించేవారున్నారు. నిజమే. అందుకే వేరే పరీక్ష పుట్టింది. ఈ జబ్బు గురించి 1970లో గట్టిగా చెప్పినవాడు ఫిన్లాండ్ ఇంజనీరు మట్టి ఒటాలా (పేరే అంత). తర్వాత ఆయన బృందం తెచ్చిన పద్ధతిలో నిట్టనిలువు అంచులుండే 3.15 కిలోహెర్ట్జ్ స్క్వేర్ వేవ్‌ను, దానిలో నాలుగో వంతు ఎత్తున్న 15 కిలోహెర్ట్జ్ సైన్ వేవ్‌ను కలిపి లోపలికి పంపుతారు. స్క్వేర్ వేవ్ అంచు వచ్చినప్పుడు ఇన్‌పుట్ ట్రాన్సిస్టర్లు లోపలి కెపాసిటర్‌ను నింపలేక చేతులెత్తేస్తే, ఆ కాసేపూ ఫీడ్‌బ్యాక్ (అవుట్‌పుట్‌లో కొంత వెనక్కి తెచ్చి తప్పు దిద్దే ఏర్పాటు) ఉన్నా లేనట్టే. రెండు అలలూ కలిసిపోయి, మనం పంపని 750 హెర్ట్జ్ లాంటి స్వరాలు బయటికొస్తాయి. అవి చెవికి బాగా అందే చోటే పడతాయి.

దీనికి ఫీడ్‌బ్యాకే దోషి అని తిట్టేవాళ్లతో నేను ఏకీభవించను. దోషం నెమ్మది ఇన్‌పుట్ దశది. ఆ ఇన్‌పుట్ ట్రాన్సిస్టర్ల ఎమిటర్ కాళ్లలో రెండు చిన్న రెసిస్టర్లు, ముందు మరీ వేగమైన అంచుల్ని ఆపే ఒక ఫిల్టర్ పెడితే చాలామటుకు దారికొస్తుంది.

8 ఓమ్‌ల మీద 100 వాట్లంటే 40 వోల్టుల ఎత్తు. 20 కిలోహెర్ట్జ్‌కి కనీసం మైక్రోసెకనుకు 5 వోల్టులు కావాలి. ఇకపై మీ సమీక్షల్లో వాట్ల పక్కన ఈ స్లూ రేట్, 20 కిలోహెర్ట్జ్ దగ్గరి డిస్టార్షన్ కూడా వేయండి. మామూలు సౌండ్ కార్డుతో మాత్రం కొలవకండి. డిస్టార్షన్ వల్ల పుట్టే మూడో హార్మోనిక్ (అసలు స్వరానికి మూడు రెట్ల ఫ్రీక్వెన్సీ) 60 కిలోహెర్ట్జ్ దగ్గరుంటుంది, ఆ కార్డుకి అది కనిపించనే కనిపించదు.

ఇట్లు,
ఒక యాంప్లిఫయర్ మెకానిక్