సైన్సు సంఘం వార్షిక నివేదిక: వరి డ్రమ్ములు, ఓఆర్‌ఎస్ పొట్లాలు, ఆర్కే బీచ్ అలలు

సభ్యులందరికీ నమస్కారం.

పోయిన ఏడు సర్వసభ్య సమావేశంలో మనం ఏం అనుకున్నామో గుర్తుందిగా. నెలకొకరు వచ్చి ఉపన్యాసం ఇవ్వడం, మనం చప్పట్లు కొట్టి టీ తాగి ఇళ్ళకు పోవడం చాలు, ఈసారి ఒక్క అంశం పట్టుకుని ఏడాదంతా చేత్తో చేసి చూద్దాం అనుకున్నాం. ఆ అంశం నీళ్ళు. పొలంలో నీళ్ళు, ఒంట్లో నీళ్ళు, మన విశాఖ ఎదురుగా ఉన్న సముద్రంలో నీళ్ళు. రైతు కుటుంబాల వాళ్ళు, డాక్టర్లు, ఫిజిక్సు మాస్టార్లు, ఓడరేవులో పనిచేసే వాళ్ళు ఒకే సంఘంలో ఉండి కూడా ఇన్నేళ్ళూ ఎవరి గోల వాళ్ళదే అయింది. ఈ ఏడాది మాత్రం ఒకరి మాట ఇంకొకరికి పనికొచ్చింది, అదెలాగో చెప్పడానికే ఈ నివేదిక కాస్త పొడుగ్గా రాస్తున్నాను.

ముందు వరి సంగతి, దీనికే ఎక్కువ చెమటోడ్చాం కాబట్టి. మనలో చాలామందికి అనకాపల్లి, చోడవరం, యలమంచిలి వైపు ఎంతో కొంత భూమి ఉంది, శారదా నదికి నీళ్ళొస్తే చాలు ఫోన్లు మోగుతాయి, నాట్లేసి పదిహేను రోజులైనా కాలేదు, చేను మునిగిపోయింది అని. మునిగిన వరి ఊపిరాడక చస్తుందని అందరికీ తెలుసు, కానీ ఆ ఊపిరాడకపోవడం ఎంతటిదో జూన్ సమావేశంలో మన ఫిజిక్సు మాస్టారు చెప్పేదాకా నాకు తెలీదు. వాయువులు గాలిలో పాకే వేగంతో పోలిస్తే నీళ్ళలో సుమారు 10,000 రెట్లు నెమ్మదిగా పాకుతాయట. ఆక్సిజన్ లోపలికి రాదు, మొక్కలో పుట్టే ఇథిలీన్ అనే వాయువు బయటికి పోదు. అలా లోపలే పేరుకున్న ఇథిలీన్ మొక్కను పొడుగు సాగమంటుంది, ఎలాగైనా ఆకు కొన నీళ్ళ పైకి తేవాలని మొక్క దాచుకున్న పిండిపదార్థమంతా ఖర్చు పెట్టేస్తుంది, తీరా నీళ్ళు దిగేసరికి నిలబడే సత్తువ ఉండదు.

మన జిల్లాల్లో ఇంటింటి రకమైన స్వర్ణ, అదే ఎంటీయూ 7029, మారుటేరు పరిశోధనా కేంద్రం నుంచి 1982లో వచ్చింది. దిగుబడికి తిరుగులేదు కానీ ముంపుకు ఆగదు. ఒడిశా రైతుల దగ్గరి పాత రకం నుంచి ఎంపిక చేసిన ఎఫ్‌ఆర్ 13ఏ మాత్రం ఆగుతుంది. అందులో ఆ పని చేసే సబ్1ఏ అనే జన్యువును 2006లో గుర్తించారు. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థ వాళ్ళు ఆ గుణాన్ని స్వర్ణలోకి సంకరం ద్వారా తెచ్చారు, మళ్ళీ మళ్ళీ స్వర్ణతోనే కలుపుతూ, మిగతా గుణాలేవీ చెడకుండా. స్వర్ణ సబ్1 పేరుతో 2009లో మన దేశంలో విడుదలైంది. రెండు వారాల దాకా పూర్తిగా మునిగినా తేరుకుంటుంది. ఎలాగంటే, సాగమని ఇథిలీన్ ఎంత పోరినా ఈ మొక్క సాగదు, తిండి దాచుకుని కదలకుండా కూర్చుంటుంది.

చదివి ఊరుకుంటే మళ్ళీ ఉపన్యాసమే అవుతుంది. అందుకని చోడవరం దగ్గర పొలం ఉన్న మన సభ్యుడొకరు రెండు రకాల విత్తనాలూ తెచ్చారు, బి బ్లాకు మేడ మీద నారు పోశాం, ఇరవై రోజుల నారును కుండీలతో సహా నీలం డ్రమ్ముల్లో ముంచి 14 రోజులు ఉంచాం. మొదటిసారి ఎండకు నీళ్ళు వేడెక్కి నాచు పట్టి రెండు రకాలూ కుళ్ళిపోయాయి, తప్పు మనదే, పైన గోనెపట్టా కప్పాలని తట్టలేదు. రెండోసారి జాగ్రత్త పడ్డాం. పదిహేనో రోజు పొద్దున్న డ్రమ్ములు వంచి నీళ్ళు పారబోశాక చూసింది నేను మర్చిపోలేను. స్వర్ణ జానెడు ఎక్కువ సాగి, పాలిపోయి, నీళ్ళ ఆసరా పోగానే తడి జుట్టులా కుండీ అంచు మీదికి వాలిపోయింది. పక్కనే సబ్1 పొట్టిగా, మురికి ఆకుపచ్చగా, ఆకులు కొన్ని కుళ్ళినా మొదలు గట్టిగా ఉంది. వారం తిరక్కుండా దానికి మధ్యలోంచి లేతాకు వచ్చింది. ఏడో తరగతి పిల్ల ఒకామె రోజూ స్కేలు పెట్టి కొలిచి నోట్సు రాసింది, ఆ నోటుబుక్కు సంఘం గదిలో ఉంది, చూడండి. రెండు డ్రమ్ములతో ఏదో నిరూపించామని నేననను. కానీ ఈ ప్రయోగం చూశాక మనవాళ్ళలో ముగ్గురు పల్లపు మడులకు ఆ విత్తనమే వేస్తామన్నారు.

ఇక ఆగస్టు. ఆ నెల ఏం జరిగిందో సి బ్లాకు వాళ్ళకు చెప్పక్కర్లేదు. వానలకు పైపు జాయింటు ఊడి గెడ్డ నీళ్ళు సంపులోకి దిగాయి, నాలుగు ఫ్లాట్లలో వాంతులు, విరేచనాలు. రెండేళ్ళ పిల్లాడు కళ్ళు లోపలికి పోయి, ఏడిస్తే కన్నీళ్ళు రాని స్థితికి వచ్చాడు. దగ్గర్లోని ఒక క్లినిక్‌లో యాంటీబయాటిక్ సిరప్పు రాసిచ్చారు తప్ప ఓఆర్‌ఎస్ ఎలా కలపాలో ఒక్క ముక్క చెప్పలేదు, నాకు ఇప్పటికీ బాధ అదే. వాళ్ళమ్మ పొట్లం ఇంట్లో ఉండి కూడా గ్లాసుకు చెంచాడు చొప్పున అంచనాగా వేసి పట్టిస్తోంది. ఆమె తప్పేం లేదు, చెప్పినవాళ్ళు లేరు. మన డాక్టరమ్మ రాత్రి పదకొండింటికి వెళ్ళి, లీటరు సీసా కొలిచి, పొట్లం మొత్తం అందులో పోసి, చెంచాతో నిమిషానికొకసారి పట్టించారు. తెల్లారేసరికి వాడు ఉచ్చ పోసుకుంటే ఆ ఇంట్లో అందరూ ఏడ్చారట.

ఆ తర్వాతి ఆదివారం సమావేశం మొత్తం దీని మీదే. కొలత అంత ముఖ్యం ఎందుకంటే, పేగు గోడలో ఉప్పులోని సోడియాన్నీ గ్లూకోజునీ జంటగా లోపలికి లాక్కునే ద్వారం ఒకటుంది. రాబర్ట్ క్రేన్ అనే శాస్త్రవేత్త 1960లో దీన్ని వివరించాడు. కలరా వచ్చినా ఆ ద్వారం పాడవదు. ఆ రెండూ లోపలికి పోతే వాటి వెంట నీళ్ళూ పోతాయి. తీపి మరీ ఎక్కువైతే తిరగబడుతుంది, ఒంట్లోని నీళ్ళే పేగులోకి వస్తాయి, విరేచనాలు పెరుగుతాయి. అంగళ్ళలో డబ్బాల్లో అమ్మే తియ్యటి డ్రింకులతో ప్రమాదం ఇదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇప్పటి ఫార్ములాలో లీటరు నీళ్ళకు 13.5 గ్రాముల గ్లూకోజు, 2.6 గ్రాముల ఉప్పు, 1.5 గ్రాముల పొటాషియం క్లోరైడు, 2.9 గ్రాముల సిట్రేటు ఉంటాయి. పొట్లం దొరక్కపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో తలకొట్టిన ఆరు టీస్పూన్ల పంచదార, అర టీస్పూను ఉప్పు.

1971లో బంగ్లాదేశ్ యుద్ధ శరణార్థులు పశ్చిమ బెంగాల్‌లోని బనగాఁవ్ శిబిరంలో కలరాతో చనిపోతుంటే, సెలైన్ సీసాలు అయిపోయి, డాక్టర్ దిలీప్ మహలనబీస్ ఈ ద్రావణాన్ని డ్రమ్ముల్లో కలిపించి బంధువుల చేతే తాగించారు. 30 శాతం దాకా ఉన్న మరణాలు 4 శాతం లోపుకు దిగాయి. ఇంతటి పరిశోధన చేరాల్సింది వంటింటికి. అందుకే ఇంటికి నాలుగేసి పొట్లాలు, ఒక లీటరు గీత ఉన్న సీసా పంచాం. తీసుకోని ఇళ్ళు ఇంకా ఉన్నాయి, దయచేసి తీసుకెళ్ళండి.

సెప్టెంబరు సమావేశం చిన్నదే కానీ పిల్లలకు బాగా నచ్చింది. ఒకే ఎత్తులో రెండు సెలైన్ సీసాలు వేలాడదీసి, ఒకదానికి ఆకుపచ్చ కాన్యులా (సెలైన్ ఎక్కించడానికి నరంలోకి పెట్టే సన్నటి గొట్టం), ఇంకోదానికి నీలం కాన్యులా పెట్టి వదిలాం. ఆకుపచ్చది లావు, నీలంది సన్నం, కంటికి తేడా కొంచెమే, కారేటప్పుడు మాత్రం ఒకటి ధార, ఒకటి బొట్లు. గొట్టం వ్యాసం సగమైతే, అదే ఒత్తిడికి ప్రవాహం పదహారో వంతుకు పడిపోతుంది. దీన్ని 1840ల ప్రాంతంలో సన్నటి గాజు గొట్టాలతో కొలిచి చెప్పిన పోయిజాయ్ అనే ఫ్రెంచాయన చదివింది వైద్యం, ఆయన్ని వేధించిన ప్రశ్న నెత్తురు సన్నటి నాళాల్లో ఎలా పారుతుందన్నది. ఇది విని మన చోడవరం సభ్యుడు లేచి, డ్రిప్పు పైపుల్లో ఉప్పు పేరుకుంటే చివరి మొక్కలకు నీళ్ళు ఎందుకు అందవో ఇప్పుడు తెలిసిందండీ అన్నారు. నాకు ఈ ఏడాది అన్నిటికంటే సంతోషం ఇచ్చిన మాట అదే.

బోదకాలు గురించి అక్టోబరులో మాట్లాడుకున్నాం. పురుగు శోషరస నాళాల్లో (ఒంట్లో మిగిలిన ద్రవాన్ని తిరిగి నెత్తురులోకి చేర్చే సన్నటి గొట్టాల్లో) చేరి వాటిని పాడుచేస్తే ద్రవం కాలిలోనే నిలిచిపోతుంది, వాపు వస్తుంది. పరీక్షకు రాత్రిపూట నెత్తురు తీసేది ఆ పిల్ల పురుగులు రాత్రిళ్ళే బయటి రక్తంలోకి వస్తాయి కాబట్టి. ఈ జబ్బుకు ఏటా పంచే డీఈసీ మాత్ర, భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో నడిపిన పరిశోధన నుంచే 1947లో వచ్చిందని విని చాలామంది ఆశ్చర్యపోయారు. ఇంటికి తెచ్చిచ్చిన మాత్రను పక్కన పడేయకండి, దయచేసి మింగండి.

సముద్రం సంగతి జనవరిలో. ముందుగా మాట ఇచ్చిన ఒక హాలు వాళ్ళు రెండు రోజుల ముందు కుదరదన్నారు, టెన్షన్ పడ్డాం, చివరికి ఆర్కే బీచ్ ఇసుకలోనే కూర్చున్నాం, అదే మంచిదైంది. రిటైరైన ఓషనోగ్రఫీ మాస్టారు ఒకరు వచ్చారు. 1950ల మొదట్లో లాఫాండ్ అనే అమెరికన్ శాస్త్రవేత్త మన ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చి ఇక్కడి విద్యార్థులతో కలిసి ఈ తీరాన్నే కొలిచారని చెప్పారు. వేసవి మొదట్లో నైరుతి గాలి తీరం పొడుగునా వీస్తే, భూమి తిరుగుడు వల్ల పై నీళ్ళు గాలికి కుడివైపుకు, అంటే తీరానికి దూరంగా జరుగుతాయి, అడుగు నుంచి చల్లటి నీళ్ళు పోషకాలతో పైకి వస్తాయి. జాలరిపేట పెద్దాయన వింటూ, ఆ రోజుల్లో కాళ్ళకు తగిలే చల్లదనం మాకు చిన్నప్పట్నుంచీ తెలుసు అన్నాడు. ఓడల నమూనాలను లాగి పరీక్షించే అర కిలోమీటరు తొట్టి మన ఊళ్ళోనే నౌకాదళ పరిశోధనశాల ఎన్‌ఎస్‌టీఎల్‌లో ఉందన్న సంగతీ ఆ రోజే చాలామందికి తెలిసింది.

తర్వాత అందరం లేచి నిలబడి అలల్ని చూశాం. రెండు పక్కలా అలలు విరిగి తెల్లగా నురుగు కడుతుంటే, మధ్యలో ఒక చోట నురుగు లేకుండా, కాస్త ముదురు రంగులో, ప్రశాంతంగా ఉంది. స్నానానికి దిగేవాళ్ళు ఆ చోటే మంచిదనుకుంటారు. మాస్టారు అందులోకి ఒక నారింజ పండు విసిరారు. అది ఒడ్డుకు రాలేదు, మా కళ్ళముందే గబగబా లోపలికి వెళ్ళిపోయింది, పక్కన అలల్లో వేసినవి మాత్రం కాళ్ళ దగ్గరికి తిరిగొచ్చాయి. అలలు ఒడ్డుకు తోసిన నీళ్ళన్నీ ఇసుక దిబ్బల మధ్య సందులోంచి వెనక్కి పోతాయి, ఆ వేగం ఒక్కోసారి సెకనుకు 2 మీటర్లకు చేరుతుంది, ఎంత ఈతగాడైనా ఎదురీదలేడు. ఇది కిందికి ముంచదు, లోపలికి లాగుతుంది. చిక్కుకుంటే కంగారుపడి ఒడ్డు వైపు ఈదకూడదు, తేలుతూ చెయ్యెత్తి పిలవాలి, వీలైతే ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, లాగుడు తగ్గాక అలల వెంట తిరిగి రావాలి. ఏటా కొత్త బట్టలతో బీచికి వెళ్ళి తిరిగిరాని పిల్లల వార్తలు చదువుతూనే ఉన్నాం. ఈ ఒక్క సంగతి పిల్లలకు, ఇంటికొచ్చే చుట్టాలకు చెప్పండి.

లెక్కలు. కిందటేడు మిగులు రూ. 18,400, చందాలు రూ. 62,000, ఖర్చు రూ. 71,350, చేతిలో ఉన్నది రూ. 9,050. ఎక్కువ ఖర్చు ఓఆర్‌ఎస్ పొట్లాలకు, సీసాలకు అయింది, డ్రమ్ములు ఒక సభ్యుడు ఊరికే ఇచ్చారు. బిల్లులన్నీ ఫైల్లో ఉన్నాయి.

వచ్చే ఏడాది ముంపు ప్రయోగం మళ్ళీ చేస్తున్నాం, ఈసారి ఒక జత డ్రమ్ముల్లో బురదనీళ్ళు, ఇంకో జతలో తేట నీళ్ళు, ఎందుకంటే పొలంలో ముంచేది బురదనీళ్ళే, వెలుతురు అందక మొక్క ఇంకా నీరసిస్తుంది. జూన్ రెండో ఆదివారం పొద్దున్న ఆరింటికి బి బ్లాకు మేడ మీద నారు పోస్తాం. మూడడుగుల డ్రమ్ములు ఇంకో రెండు కావాలి, గోనెపట్టాలు కూడా. ఎవరి దగ్గరైనా ఉంటే సెక్రటరీకి చెప్పండి, మనిషిని పంపి తెప్పించుకుంటాం.